బొమ్మా బొరుసూ

పాఠ్యభాగ ఉద్దేశం

గతాన్ని తెలుసుకోవడానికి శాసనాలు, కట్టడాలు, గ్రంథాలతోపాటు నాణేలు కూడా ముఖ్యమైన ఆధారాలు. నాణెంపై చెక్కిన ప్రభువు ముఖాన్ని చరిత్రకారుడు ఏ విధంగా చదువుతాడో, దానిని ఎంతవరకు విశ్వసిస్తాడో, ఆ నాణెం దొరికిన నేలకు ఎందుకు అంత విలువ ఇస్తాడో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆట మొదలయ్యే ముందు నాణెం ఎగురవేసి "బొమ్మా? బొరుసా?" అని అడగడం తెలుగునాట అందరికీ తెలిసిన ఆచారం. నాణేనికి ఒక వైపున ఉండేది బొమ్మ, రెండవ వైపున ఉండేది బొరుసు. గెలుపోటముల ఆత్రుతలో ఆ బొమ్మ ఎవరిదో, దానిని అక్కడ ఎందుకు చెక్కించారో ఎవరూ ఆలోచించరు. చరిత్రకారుడు మాత్రం ఆ ప్రశ్న దగ్గరనే ఆగుతాడు. అతనికి నాణెం కేవలం కొనుగోలు సాధనం కాదు. అది అరచేతిలో ఇమిడే శాసనం.

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి వరుసగా కనిపిస్తాయి. భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, అసంఖ్యాకమైన చిన్న పెద్ద పరిశ్రమలు ఈ ప్రాంతానికి నేటి గుర్తింపునిచ్చాయి. పొగగొట్టాలు, లారీల బారులు చూసిన వారికి ఇది కొత్తగా పుట్టిన ఊరని తోచవచ్చు. కాని ఈ నేల చాలా పాతది. 11వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య ప్రభువైన రెండవ జయసింహుడు రాజధానిగా చేసుకొన్న పొట్టలకెరె నేటి పటాన్‌చెరువేనని చరిత్రకారులు గుర్తించారు. అంతకు దాదాపు వెయ్యి సంవత్సరాల ముందే, సంగారెడ్డికి సమీపంలోని కొండాపూర్ గ్రామం దగ్గర ఒక సంపన్నమైన పట్టణం ఉండేది. హైదరాబాదు నగరంలోని కొండాపూర్ వేరు, ఈ కొండాపూర్ వేరు.

కొండాపూర్ దిబ్బను స్థానికులు కోటగడ్డ అని పిలుస్తారు. 1940 దశకపు తొలి సంవత్సరాలలో హైదరాబాదు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. 2009లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టింది. ఇటుక కట్టడాలు, మట్టి బొమ్మలు, పూసలు, కుండలు బయటపడ్డాయి. వాటన్నిటికంటే ఎక్కువగా పండితులను ఆకర్షించినవి వేల సంఖ్యలో దొరికిన శాతవాహనుల నాణేలు, నాణేలు పోతపోయడానికి వాడిన మట్టి మూసలు. ఇంత సమృద్ధిగా నాణేలు, వాటితోపాటు మూసలు కూడా దొరకడం వల్ల ఇక్కడ ఒక టంకశాల ఉండేదని నిర్ణయించారు. నేడు లోహపు పనికి పేరుపడిన ఈ ప్రాంతంలో సుమారు 2,000 సంవత్సరాల క్రితమే కొలిమి వెలిగిందన్నమాట.

కొండాపూర్ నాణేలలో అధిక భాగం సీసంతోను, తక్కువ విలువ గల మిశ్రమ లోహంతోను చేసినవి. వాటిపై రాజు ముఖం ఉండదు. ఏనుగు వంటి జంతువులు, ఉజ్జయిని గుర్తు, చుట్టూ రాజు పేరు తెలిపే బ్రాహ్మీ అక్షరాలు ఉంటాయి. సంతలో ఉప్పో ధాన్యమో కొనుక్కొన్న సామాన్యుడు తన రాజును ఏనుగు బొమ్మతోనే గుర్తించి ఉంటాడు. అయితే ముఖం ఉన్న నాణెం ఈ ఊరికి తెలియనిది కాదు. రోమ్ చక్రవర్తి అగస్టస్ నాటి బంగారు నాణెం ఒకటి ఇక్కడ దొరికింది. సముద్రాలకు ఆవల ఉన్న ఒక చక్రవర్తి ముఖం, వర్తకుల మూటలలో ప్రయాణించి, ఈ మెట్టనేలకు చేరుకొన్నది.

శాతవాహనులు కూడా తమ ముఖాలను నాణేలపై చెక్కించారు. గౌతమీపుత్ర శాతకర్ణి, అతని కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి, తరువాతి తరాలకు చెందిన యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలైన రాజుల వెండి నాణేలపై ఈ ముఖాలు కనిపిస్తాయి. ఒక్కొక్క నాణెం బరువు సుమారు 2 గ్రాములు మాత్రమే. వెడల్పు బొటనవ్రేలి గోటి కంటే కొద్దిగా ఎక్కువ. అంతటి చిన్న వెండి బిళ్లపై కుడివైపుకు తిరిగిన తల, తీర్చిన జుట్టు, చెవి ఆభరణం, ముక్కు తీరు స్పష్టంగా కనిపిస్తాయి. దాని చుట్టూ రాజు పేరు వలయంగా ఉంటుంది.

ఈ ముఖాన్ని చెక్కడం సులభమైన పని కాదు. పోతపోసే నాణేనికి మూస కావాలి. కొట్టి ముద్రించే నాణేనికి అచ్చు కావాలి. గట్టి లోహంతో చేసిన అచ్చుపై పనివాడు ముఖాన్ని లోపలికి చెక్కాలి. అచ్చులో పల్లంగా ఉన్నది నాణెంపై ఉబ్బెత్తుగా వస్తుంది. నాణెంపై రాజు కుడివైపు చూడాలంటే అచ్చుపై ఎడమవైపు చూడాలి. అక్షరాలను కూడా అద్దంలో కనిపించినట్లు తిప్పి చెక్కాలి. తరువాత రెండు అచ్చుల మధ్య వెండి బిళ్లను ఉంచి సమ్మెటతో కొడితే బొమ్మ, బొరుసు ఒక్క దెబ్బతో పడతాయి. ఉలి ఒక్కసారి జారితే రాజు ముక్కు వంకరపోతుంది. లోహాన్ని అచ్చుతో రూపుదిద్దే ఈ సూత్రమే నేటి కర్మాగారాలలోనూ కొనసాగుతున్నది. ఆనాటి రాజుల పేర్లు నాణేలపై మిగిలాయి. ఆ ముఖాలను చెక్కిన వారిలో ఒక్కరి పేరు కూడా నాణెంపై లేదు.

ముఖచిత్రం చరిత్రకారునికి ఏమి చెబుతుంది? గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి అయిన గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో ఒక శాసనం చెక్కించింది. మనుమడు పులుమావి పాలనలో 19వ సంవత్సరంలో వెలువడిన ఆ శాసనం, మరణించిన కుమారుని గుణగణాలను కీర్తిస్తుంది. అతని ముఖాన్ని వికసించిన పద్మంతోను, నిండు చంద్రునితోను పోలుస్తుంది. అది తల్లి మాట, పైగా ప్రశస్తి. పద్మంతో, చంద్రునితో ఏ రాజు ముఖాన్నైనా పోల్చవచ్చు. నాణెం చెక్కిన పనివాడు మాత్రం ఉపమానాలతో పని గడుపుకోలేడు. అతడు ఒక ముక్కును, ఒక చెవిని, ఒక తలకట్టును చెక్కి తీరాలి. అందువల్ల ప్రశస్తి చెప్పని విషయాన్ని నాణెం చెబుతుంది. ఆ కాలపు రాజులు జుట్టు ఏ విధంగా తీర్చుకొన్నారో, చెవులకు ఏమి ధరించారో ఊహించే అవసరం లేకుండా కంటికి చూపుతుంది.

అయినా ముఖచిత్రాన్ని పూర్తిగా నమ్మడం ప్రమాదకరం. ఈ హెచ్చరిక కూడా నాణేల నుండే లభించింది. 1906లో మహారాష్ట్రలోని నాసిక్ సమీపాన జోగల్‌తంబి అనే చోట ఒక పెద్ద నిధి దొరికింది. అందులో 13,000కు పైగా వెండి నాణేలు ఉన్నాయి. అవి క్షహరాట వంశానికి చెందిన నహపాణునివి. అన్నిటిపైనా నహపాణుని పేరే ఉన్నది. కాని ముఖాలు ఒకదానితో ఒకటి పోలవు. ఒకదానిపై యువకుడు, మరొకదానిపై వృద్ధుడు. ముక్కులు వేరు, దవడలు వేరు. ఈ నాణేలను పరిశీలించిన స్కాట్ అనే పండితుడు, ఇవి ఒకే మనిషి ముఖాలు కాకపోవచ్చునని, ఆ వంశంలోని పలువురివై ఉండవచ్చునని భావించాడు. అచ్చులు చెక్కిన వారందరూ రాజును చూశారని చెప్పడానికి ఆధారం లేదు. పేరు ఒకటే అయినంత మాత్రాన ముఖం నిజమని నిర్ధారించలేమని ఈ నిధి నేర్పింది.

ఆ నిధి మరొక కథ కూడా చెప్పింది. అందులోని 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్లీ కొట్టించాడు. నహపాణుని ముఖం మీదుగా మెట్ట గుర్తు, దాని చుట్టూ గౌతమీపుత్రుని పేరు పడ్డాయి. రెండవ వైపున ఉజ్జయిని గుర్తు పడింది. కొన్నిటిపై పాత ముఖంలోని ముక్కో, కన్నో, గడ్డమో కొత్త ముద్ర కింద నుండి ఇంకా తొంగిచూస్తుంది. గౌతమీపుత్రుడు క్షహరాట వంశాన్ని నిర్మూలించాడని బాలశ్రీ శాసనం చెబుతున్నది. ఒక తల్లి తన కుమారుని గురించి చెప్పిన మాటను అతిశయోక్తిగా తీసివేయవచ్చు. కాని ఈ నాణేలు ఆ మాటకు సాక్ష్యం పలికాయి. విజేత ఆ వెండిని కరిగించి కొత్త నాణేలు చేయించవచ్చు. అలా చేయక, ఓడిన ప్రభువు ముఖంపైనే తన గుర్తును వేయించాడు. ఆ నాణెం పుచ్చుకొన్న ప్రతి వర్తకునికీ పాలన మారిన సంగతి తెలిసింది.

ఇంతవరకు చూసినది బొమ్మ. బొరుసును తిప్పి చూడనివాడు సగమే చదివినవాడు. పులుమావి వెండి నాణెంపై ముఖం ఉన్న వైపున ప్రాకృత భాషలో రాజు పేరు ఉంటుంది. రెండవ వైపున అదే విషయం దక్షిణాది దేశభాష ఒకదానిలో ఉంటుంది. అది ఏ భాష అనే విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. కొందరు దానిని తమిళానికి దగ్గరిదన్నారు. మరికొందరు అందులో తెలుగు తొలి జాడలను చూశారు. పేరు చివర వినిపించే "కు" అనే ప్రత్యయం మాత్రం తెలుగు విద్యార్థికి కొత్తగా తోచదు. రాజభాష ఒకటి, ప్రజల భాష మరొకటి అయిన కాలంలో, రాజు తన పేరును రెండు భాషలలోనూ చెప్పించుకొన్నాడని ఈ చిన్న బిళ్ల తెలుపుతున్నది.

నాణెంపై మరొక విశేషం ఉన్నది. వాసిష్ఠీపుత్ర, గౌతమీపుత్ర అనే బిరుదులు తల్లి గోత్రాన్ని తెలుపుతాయి. కుమారుని ముఖం చుట్టూ తల్లి గుర్తింపు వలయంగా ఉన్నది. కాని తల్లి ముఖం మాత్రం ఈ నాణేలపై లేదు. ముఖచిత్రం ఎవరిని చూపుతుందో గమనించినట్లే, ఎవరిని చూపదో కూడా గమనించాలి.

కొన్ని సందర్భాలలో ముఖం పోయి పేరు మిగులుతుంది. పుణె జిల్లాలోని నాణేఘాట్ గుహలో శాతవాహన వంశ స్థాపకుడు సిముకుడు, రాణి నాగనిక, శాతకర్ణి, రాకుమారులు, మహారథి హోదా గల ఒక సామంతుడు వరుసగా నిలిచినట్లు శిల్పాలు ఉండేవి. ప్రతి శిల్పం పైనా పేరు చెక్కారు. కాలక్రమంలో శిల్పాలు నశించాయి. నేడు అక్కడ పాదాల ఆనవాళ్లు, పైన పేర్లు మాత్రమే ఉన్నాయి. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన నాణేలు గోభద, సిరికంవాయ, నారన, సమగోప అనే ప్రభువుల పేర్లను తెలిపాయి. వారి ముఖాలు ఎలా ఉండేవో తెలియదు. అయినా ఆ పేర్లు లభించినందువల్లనే ఆ ప్రాంతపు తొలి ప్రభువుల చరిత్రకు ఒక పుట దక్కింది.

శాతవాహనుల తరువాత ఈ ప్రాంతపు నాణేలపై రాజముఖం అరుదైపోయింది. చాళుక్యులు తమ లాంఛనమైన వరాహాన్ని నాణేలపై వేయించారు. బంగారు నాణేనికి వరహా అనే పేరు ఆ లాంఛనం నుండే వచ్చింది. కుతుబ్‌షాహీల నాణేలపై అక్షరాలే తప్ప ముఖాలు లేవు. 20వ శతాబ్దపు ఆరంభంలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేలపైకి చార్మినార్ వచ్చింది. దాని వాకిలిలో అతని పేరులోని "మీమ్" అనే అక్షరాన్ని చెక్కారు. ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ చోట "ఐన్" అనే అక్షరం చేరింది. అదే సమయంలో బ్రిటిష్ పాలనలోని ప్రాంతాలలో విక్టోరియా రాణి, ఆమె వారసుల ముఖాలు గల రూపాయలు చెలామణి అయ్యాయి. సంగారెడ్డి సంతలో చార్మినార్, బెజవాడ సంతలో ఆంగ్లేయ ప్రభువు ముఖం. తెలుగువారు రెండు పాలనల కింద జీవించారన్న సత్యాన్ని ఆ రెండు నాణేలను పక్కపక్కన ఉంచితే చాలు, వేరొక వివరణ అవసరం లేదు.

1950లో గణతంత్ర భారతదేశం తన నాణేలపై ప్రభువు ముఖాన్ని తొలగించి, అశోకుని సింహ శిఖరాన్ని ఉంచింది. అధికారం ఒక వ్యక్తిది కాదు, ప్రజలదని ఆ మార్పు చాటింది. తరువాత 1964లో జవహర్‌లాల్ నెహ్రూ స్మారక నాణెంతో ముఖచిత్రం మళ్లీ కనిపించింది. అయితే అది పాలిస్తున్న ప్రభువు ఆజ్ఞ కాదు. మరణించిన నాయకునికి జాతి సమర్పించిన నివాళి. ముఖం చెక్కే పని ఒకటే అయినా, దాని అర్థం మారింది.

ఇన్ని సంగతులు చెప్పిన నాణెం మౌనంగా మిగిలిపోయే సందర్భం కూడా ఒకటి ఉన్నది. అది దొరికిన చోటు తెలియకపోవడం. కొండాపూర్‌లో దొరికిన అగస్టస్ నాణేన్ని తీసుకొందాం. కోటగడ్డలో దొరికిందని తెలిసినందువల్లనే అది రోమ్‌కు, ఈ మెట్టనేలకు మధ్య ఉన్న వర్తక సంబంధానికి సాక్ష్యమైంది. అదే నాణెం ఒక దుకాణంలో చేతులు మారితే, అది బంగారం మాత్రమే. ఏ మట్టి పొరలో ఉన్నది, పక్కన ఏ కుండ పెంకు ఉన్నది, ఏ మూస ఉన్నది అనే వివరాలే నాణేనికి మాట నేర్పుతాయి. కరిగించిన నాణెం గ్రాముల లెక్కన ధర పలుకుతుంది. దానిపై ఉన్న ముఖం మాత్రం శాశ్వతంగా పోతుంది.

పరిశ్రమలకు, రహదారులకు, ఇళ్ల స్థలాలకు నిత్యం పునాదులు తీసే ప్రాంతంలో ఈ విషయం మరింత ముఖ్యమైనది. పలుగు దెబ్బకు, యంత్రపు తొట్టికి ఏది తగులుతుందో ముందుగా చెప్పలేము. భూమిలో దాగి ఉండి దొరికిన, 10 రూపాయలకు మించిన విలువ గల నిధిని గురించి జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నిర్దేశిస్తున్నది. పునాది తవ్వే కూలీకి, లారీ నడిపే వానికి, స్థలం కొన్న యజమానికి ఈ సంగతి తెలిసి ఉంటే, ఈ ప్రాంతపు చరిత్రలో మరికొన్ని పుటలు మిగులుతాయి.

కొండాపూర్‌లో పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. పటాన్‌చెరు, సంగారెడ్డి కళాశాలల విద్యార్థులకు అది దూరం కాదు. అక్కడికి వెళ్లే ముందు తమ జేబులోని నాణేన్ని ఒకసారి తీసి చూడవచ్చు. సంవత్సరం అంకె కింద ఐదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో తయారైనది. బొమ్మ ఎవరిది, బొరుసుపై ఏమున్నది, ఏ భాషలు ఉన్నాయి, ఎవరి ముఖం లేదు అని ఆ నాణేన్ని ప్రశ్నించడం నేర్చుకొన్న విద్యార్థికి, అద్దాల పెట్టెలోని సీసపు బిళ్ల కూడా సమాధానం చెబుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

టంకశాల : నాణేలు తయారుచేసే చోటు
మూస : కరిగిన లోహాన్ని పోసి రూపం తెచ్చే పాత్ర
అచ్చు : ముద్ర వేయడానికి చెక్కిన సాధనం
సమ్మెట : పెద్ద సుత్తి
ప్రశస్తి : పొగడ్తతో కూడిన రచన
లాంఛనం : రాజవంశపు గుర్తు
ప్రత్యయం : పదం చివర చేరే వ్యాకరణ భాగం
సామంతుడు : పెద్ద రాజుకు లోబడి పాలించే ప్రభువు
చెలామణి : వాడుకలో ఉండడం
నివాళి : గౌరవంతో చేసే సమర్పణ

అభ్యాసం

అ. ఈ ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. నాణెంపై చెక్కిన ముఖచిత్రం చరిత్రకు ఏ విధంగా ఆధారమవుతుంది? దానిని ఎందుకు పూర్తిగా విశ్వసించకూడదు?
2. జోగల్‌తంబి నిధి తెలిపిన రెండు విషయాలను వివరించండి.

ఆ. ఈ ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానాలు రాయండి.
1. కొండాపూర్‌లో టంకశాల ఉండేదని ఎలా నిర్ణయించారు?
2. బాలశ్రీ శాసనంలోని వర్ణనకు, నాణెంపై ముఖానికి గల భేదమేమి?
3. సంగారెడ్డి సంతలోని నాణేనికి, బెజవాడ సంతలోని నాణేనికి తేడా ఏమిటి? ఆ తేడా ఏమి తెలుపుతుంది?
4. నాణెం దొరికిన చోటు తెలియడం ఎందుకు అవసరం?

ఇ. ఒక్క మాటలో సమాధానం రాయండి.
1. కొండాపూర్ దిబ్బకు స్థానికంగా ఉన్న పేరేమి?
2. కొండాపూర్‌లో ఏ రోమ్ చక్రవర్తి నాటి నాణెం దొరికింది?
3. 1950లో నాణేలపైకి వచ్చిన చిహ్నం ఏది?

ఈ. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగు ఇళ్లలో గాని ఉన్న పాత నాణేలను పరిశీలించండి. బొమ్మ, బొరుసు, భాష, సంవత్సరం, టంకశాల గుర్తు అనే అంశాలతో ఒక పట్టిక తయారుచేసి, వాటి ఆధారంగా ఒక పుట వ్యాసం రాయండి.